ఇంగ్లీష్ డిగ్రీ చేస్తే ఏమొస్తుంది మేడమ్? – మీ ఉత్తరాలు, నా జవాబులు

ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన దగ్గర్నుంచి ఉత్తరాలూ మెయిల్సూ అన్నీ దాదాపు ఒకే విషయం మీద వస్తున్నాయి. డిగ్రీలో ఇంగ్లీష్ మెయిన్ సబ్జెక్టుగా తీసుకోవచ్చా, తీసుకుంటే ఏం చదవాల్సి వస్తుంది, చదివాక ఉద్యోగం సంగతేంటి అని. ఏళ్ల తరబడి డిగ్రీ కాలేజీల్లో ఈ సబ్జెక్టే చెప్పినదాన్ని కాబట్టి ఈ నెల కాలమ్ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నాను. ఒకేలా ఉన్న ప్రశ్నలు కలిపేశాను, పేర్లు ఎవరివీ వేయలేదు.

మేడమ్ నమస్తే. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇంటర్ హెచ్‌ఈసీ. కథలు, నవలలు అంటే పిచ్చి నాకు. బీఏ ఇంగ్లీష్ తీసుకుంటానంటే మా నాన్న "ఇంగ్లీష్ మాట్లాడ్డానికి మూడేళ్ల డిగ్రీ ఎందుకు, మూడు నెలలు స్పోకెన్ ఇంగ్లీష్‌కి పోతే సరిపోదా" అంటున్నారు. కాన్వెంట్‌లో చదివిన పిల్లల మధ్య నేను నెగ్గుకురాగలనా? – ఒక విద్యార్థిని, నంద్యాల

అమ్మా, ఇంగ్లీష్ గడగడా మాట్లాడ్డమే నీకు కావాల్సిందైతే మీ నాన్నగారు చెప్పిందే కరెక్ట్, దానికి డిగ్రీ అక్కర్లేదు. కానీ నువ్వు కథలంటే పిచ్చి అని రాశావు చూడు, నా జవాబంతా ఆ ఒక్క మాట మీదే ఉంది. ఇంగ్లీష్ మేజర్ అంటే ప్రధానంగా చదవడం. కవిత్వం, నాటకం, నవల, విమర్శ, భాష ఎట్లా పుట్టి ఎట్లా మారిందన్న చరిత్ర, కొంత ఫొనెటిక్స్ అంటే శబ్దాల చదువు, ఇప్పుడైతే మన దేశంలో ఇంగ్లీష్‌లో రాసినవాళ్లు, ఆఫ్రికా రచయితలు, దళిత సాహిత్యం, స్త్రీల రచనలు, అనువాదం కూడా. చదివింది అర్థం చేసుకుని, ఎందుకు అట్లా అనిపించిందో కారణాలతో పేజీలకు పేజీలు నీ సొంత వాక్యాల్లో రాయడం. ప్రతి డిగ్రీలోనూ అందరికీ ఉండే జనరల్ ఇంగ్లీష్ పేపర్ వేరు, ఇది వేరు. ఈ తేడా తెలియక చేరి రెండో సెమిస్టర్‌లో ఏడ్చిన పిల్లల్ని చాలామందిని చూశాను, మాటలు నేర్పుతారనుకుని వచ్చారు, వాళ్ల చేతిలో నాలుగొందల ఏళ్ల నాటి పద్యం పెట్టాం.

ఇక తెలుగు మీడియం భయం. మొదటి ఏడాది కష్టంగానే ఉంటుంది, అబద్ధం చెప్పను. కాన్వెంట్ పిల్లలు లెక్చరర్‌తో చకచకా మాట్లాడేస్తుంటే నువ్వు వెనక బెంచీలో ముడుచుకుపోతావు. కానీ ఆన్సర్ షీట్లు దిద్దేటప్పుడు లెక్క మారిపోతుంది. మాట్లాడ్డం వచ్చినంత మాత్రాన చదవడం వచ్చినట్టు కాదు, తెలుగులో వందల కథలు చదివిన పిల్ల ఒక పాత్ర ఎందుకు అట్లా ప్రవర్తించిందో ఇట్టే పట్టేస్తుంది, దాన్ని ఇంగ్లీష్‌లో పెట్టడమే నేర్చుకోవాలి, అది రోజూ ఒక పేజీ రాస్తే వచ్చే పని.

ఇంకో సంగతి. తెలుగు క్లాసులో గణవిభజన చేశావు కదా, ఉత్పలమాలకి భ ర న భ భ ర వ, పాదానికి ఇరవై అక్షరాలు, పదో అక్షరం యతి అని. ఫస్టియర్‌లో షేక్‌స్పియర్ సానెట్ ఒకటి వస్తుంది. పద్నాలుగు లైన్లు, ఒక్కో లైన్‌లో పది సిలబుల్స్, ఒకటి తేలిగ్గా ఒకటి ఊనికతో, అట్లా ఐదు జంటలు. మనకి లఘువు గురువు అక్షరం పొడవుని బట్టి, అందులో ఊనికని బట్టి, అంతే తేడా. మనకి ప్రాస పాదంలో రెండో అక్షరం, వాళ్లకి రైమ్ లైన్ చివర. నాలుగు, నాలుగు, నాలుగు లైన్లు మూడు ముక్కలుగా వాదన నడిచి చివరి రెండు లైన్లలో మలుపు తిరుగుతుంది. ఇది బోర్డు మీద గీసి చెప్పినప్పుడు మొదట తలూపేది ఎవరో తెలుసా, తెలుగు పద్యాలు బట్టీ పట్టిన పిల్లలే, ఇంగ్లీష్ మీడియంలో తెలుగు వదిలేసి సంస్కృతం తీసుకుని మార్కులు తెచ్చుకున్నవాళ్లకి లయ అన్నదాన్నే మొదటినుంచి చెప్పాల్సి వస్తుంది.

చేరేముందు ఒక పని చెయ్. ఇంగ్లీష్‌లో ఐదారు పేజీల కథ ఒకటి తీసుకుని డిక్షనరీ పక్కన పెట్టుకుని చదువు. ఒకపూట పట్టినా సరే. తర్వాత ఆ కథ మీ అమ్మకి తెలుగులో చెప్పు. చెప్పాక అందులో నీకు నచ్చని మనిషి గురించి ఇంగ్లీష్‌లో అర పేజీ రాయి, తప్పులున్నా ఫర్లేదు. ఇదంతా చేస్తున్నంతసేపూ టైమ్ తెలీలేదంటే చేరిపో, గ్రామర్ సంగతి నీకు పాఠం చెప్పే లెక్చరర్ చూసుకుంటారు. విసుగొచ్చి మధ్యలో ఆపేశావంటే మాత్రం హిస్టరీనో పొలిటికల్ సైన్సో ఆలోచించు.

ఏపీలో 2023-24లో డిగ్రీ సింగిల్ మేజర్ పద్ధతికి మారింది, అందులో ఒకటే మేజర్, తోడు మైనర్, నాలుగో ఏడాది ఉంటే ఆనర్స్. ఆ పద్ధతిలో ఇంగ్లీష్ పెట్టుకుంటే అదే నీ ప్రధాన సబ్జెక్టు, పక్కన ఇంకో రెండు సమానంగా ఉండవు, నువ్వు చేరే ఏడాదికి ఏ పద్ధతి ఉందో కనుక్కో. ఏపీ డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లు జరిగే ఓఏఎండీసీలో ఆప్షన్లు పెట్టేముందు ఆ కాలేజీకి ఒక్కసారి నేరుగా వెళ్లి ఇంగ్లీష్ మేజర్ సెక్షన్ నిజంగా నడుస్తోందా, పోయినేడాది ఎంతమంది చేరారు, ఈ సబ్జెక్టు చెప్పే లెక్చరర్లు ఎంతమంది అని అడుగు. లిస్టులో కోర్సు పేరు ఉంటుంది, సీట్లు నిండకపోతే పిల్లల్ని వేరే మేజర్‌కి మారమంటారు, ఇది బాగా ఇబ్బంది పెట్టే విషయం.

నేను బీకామ్ చేశాను. ఎంఏ ఇంగ్లీష్ చేయొచ్చా? – ఒక పాఠకుడు, తెనాలి

చాలా యూనివర్సిటీల్లో చేయొచ్చు, డిగ్రీలో జనరల్ ఇంగ్లీష్ చదివి ఉంటే చాలు. అయితే ఒక్కో నోటిఫికేషన్‌లో ఒక్కో రూల్ ఉంటుంది, ఫీజు కట్టేముందు అర్హత పేరా చదవండి. బీఏ ఇంగ్లీష్ చేసినవాళ్లతో పోటీ కాబట్టి ఎంట్రన్స్‌కి ముందు ఇంగ్లీష్ సాహిత్య చరిత్ర, ఏ కాలంలో ఎవరు రాశారు, ఎందుకు అట్లా రాశారు అన్నది ఒక వరసలో చదువుకోండి, మిగతాది క్లాసులో వస్తుంది.

మేడమ్ గారూ, మా అబ్బాయి బీటెక్ రెండో ఏడాదిలో మానేసి ఇంటికొచ్చేశాడు. బీఏ ఇంగ్లీష్ చేస్తానంటున్నాడు. తిట్టాం, బతిమాలాం, వినట్లేదు. ఆ డిగ్రీతో ఉద్యోగం వస్తుందా? – ఒక తండ్రి, కరీంనగర్

అన్నగారూ, మీ బాధ అర్థమైంది. తిట్టడం ఆపేసి వాడిని పక్కన కూర్చోబెట్టుకుని ఇది ఇద్దరూ చదవండి.

ఒట్టి బీఏ ఇంగ్లీష్ పట్టా చూపిస్తే ఎవరూ పిలిచి ఉద్యోగం ఇవ్వరు. ఈ మాట ముందే చెప్తున్నాను, ఎందుకంటే కొన్ని కాలేజీల వాళ్లు అడ్మిషన్ల టైమ్‌లో చాలా చెప్తారు. ఈ డిగ్రీకి వెనకాల ఇంకోటి తగిలించాలి, అదేంటన్నది మొదటి ఏడాదిలోనే అనుకుంటే మంచిది.

మన రెండు రాష్ట్రాల్లో అన్నిటికంటే గట్టి దారి టీచింగే. డిగ్రీలో ఇంగ్లీష్ ఒక ఆప్షనల్ లేదా మేజర్‌గా ఉండి, బీఈడీలో ఇంగ్లీష్ మెథడాలజీ చేసి, టెట్ పాసైతే డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లీష్‌కి రాయొచ్చు. గురుకులాలు, కేంద్రీయ విద్యాలయాలు, నవోదయలు కూడా ఉన్నాయి. బీఈడీ రెండేళ్లు, అంటే బీఏతో కలిపి ఐదేళ్లు. ఎంఏ చేస్తే జూనియర్ లెక్చరర్. డిగ్రీ కాలేజీలో, యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే ఎంఏలో 55 శాతం, రిజర్వేషన్ ఉన్నవాళ్లకి 50, దాని మీద నెట్ (జాతీయ అర్హత పరీక్ష) గానీ సెట్ (రాష్ట్ర అర్హత పరీక్ష) గానీ. నెట్ ఏడాదికి రెండుసార్లు పెడతారు, మొత్తం 150 ప్రశ్నలు, 300 మార్కులు, మూడు గంటలు, నెగెటివ్ మార్కులు లేవు. అందులో పైన నిలిచినవాళ్లకి జేఆర్‌ఎఫ్ అనే రీసెర్చ్ ఫెలోషిప్ వస్తుంది, పీహెచ్‌డీ చేస్తూ నెలకి 37 వేలు తీసుకోవచ్చు. మన పల్లెటూరి పిల్లలు ఎంతోమంది ఆ డబ్బుతో రీసెర్చ్ చేస్తూ ఇంటికి కూడా పంపారు, వాళ్లలో నా దగ్గర చదివినవాళ్లున్నారని చెప్పడానికి నాకు గర్వంగా ఉంటుంది. ఇందులో ఉన్న చిక్కు నోటిఫికేషన్లు. అవి ఎప్పుడొస్తాయో ఎవరి చేతిలోనూ ఉండదు, ఏళ్లకేళ్లు ప్రైవేట్ కాలేజీలో తక్కువ జీతానికి చెప్తూ కూర్చున్నవాళ్లని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. అందుకే టీచింగ్ ఒక్కటే పెట్టుకోవద్దంటాను.

వేరే దారులు: మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ, దీనికి ఇంగ్లీష్ చదివినవాళ్లు బాగా సరిపోతారు, పేజీల కొద్దీ తీర్పులు చదివి అందులో పాయింట్ పట్టుకోవడమే కదా అక్కడి పని. సివిల్స్‌లో ఇంగ్లీష్ లిటరేచర్ ఆప్షనల్ ఉంది, రెండు పేపర్లు, ఒక్కోటి 250 మార్కులు. ఐటీ కంపెనీల్లో టెక్నికల్ రైటర్ అని ఉంటారు, సాఫ్ట్‌వేర్ ఎట్లా వాడాలో రాసి పెట్టేవాళ్లు, మీ అబ్బాయి రెండేళ్లు ఇంజనీరింగ్ చదివి వచ్చాడు కాబట్టి ఆ చదువు ఇక్కడ వృథా పోదు, ఇది వాడికి నేను ప్రత్యేకంగా చెప్తున్న మాట. కంటెంట్ రైటింగ్ మాత్రం ఇదివరకులా లేదు, మామూలు వ్యాసాలు ఏఐ రాసేస్తోంది, ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలి. అనువాదంలో కూడా సాదాసీదా పని తగ్గింది, తెలుగూ ఇంగ్లీషూ రెండూ లోతుగా వచ్చి, మెషీన్ చేసిన తప్పు ఎక్కడుందో పట్టగలిగేవాళ్లకి పని ఉంది.

తెలంగాణ డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లు జరిగే దోస్త్‌లో రిజిస్టర్ అయ్యేముందు బీటెక్ కాలేజీ నుంచి టీసీ, ఇంటర్ ఒరిజినల్ సర్టిఫికెట్లు చేతిలో ఉన్నాయో లేదో చూసుకోండి, మధ్యలో మానేసిన పిల్లలకి మొదటి అడ్డంకి అదే. మీవాడికి నాదొక్కటే ప్రశ్న: నువ్వు ఇంజనీరింగ్ నుంచి పారిపోయి వస్తున్నావా, ఇంగ్లీష్ కావాలని వస్తున్నావా? గత ఏడాదిలో ఎవరూ చెప్పకుండా నీ అంతట నువ్వు చదివిన పుస్తకాలేంటో నాన్నకి చెప్పు, జవాబు అందులోనే తెలిసిపోతుంది.

ఎంఏ మొదటి సెమిస్టర్ చదువుతున్నాను. ఫొనెటిక్స్ ఒక్క ముక్క ఎక్కడం లేదు. పైగా నా ఉచ్చారణ విని క్లాసులో నవ్వుతారు. – ఒక విద్యార్థి, శ్రీకాకుళం జిల్లా

నవ్వేవాళ్లది తెలియనితనం బాబూ. మన యాసలో ఇంగ్లీష్ మాట్లాడ్డం తప్పు కాదు, ఎదుటివాడికి అర్థమైతే చాలు. ఫొనెటిక్స్ నీ యాసని తీసేయడానికి పెట్టిన పేపర్ అనుకోకు, శబ్దాల్ని సరిగ్గా వినడం నేర్పే పేపర్ అది.

ఎక్కడ మొదలెట్టాలో చెప్తాను. సిలబస్‌లో ఉన్న బ్రిటిష్ ఉచ్చారణలో 44 శబ్దాలు, 24 హల్లులు, 20 అచ్చులు. ఆ గుర్తులన్నీ ఒకేసారి బట్టీ పట్టబోయావు, అందుకే ఎక్కలేదని నా అనుమానం. బనానా అన్న మాట తీసుకో. మనం మూడు అక్షరాలూ నిండుగా పలుకుతాం. వాళ్లు మధ్య "నా" ఒక్కదాన్నే నిండుగా పలికి, ముందూ వెనకా ఉన్న అచ్చుల్ని నోరు పెద్దగా తెరవకుండా, సగం మింగేసినట్టు వదిలేస్తారు. ఆ నలిగిపోయిన అచ్చు పేరే ష్వా, తలకిందులైన ఇంగ్లీష్ "e" అక్షరంతో రాస్తారు, ఇంగ్లీష్‌లో అన్నిటికంటే ఎక్కువగా వినిపించే అచ్చు అదే. తెలుగులో మనం ఏ అక్షరాన్నీ అట్లా నలపం, అందుకే మనకి అది వినపడదు. ముందు దాన్ని వినడం నేర్చుకో, సగం ఫొనెటిక్స్ వచ్చేసినట్టే.

తర్వాత ఊనిక. ఫొటోగ్రాఫ్ అన్నప్పుడు మొదటి సిలబుల్ మీద, ఫొటోగ్రఫీ అన్నప్పుడు రెండోదాని మీద, ఫొటోగ్రాఫిక్ అన్నప్పుడు మూడోదాని మీద. మాట పెరిగేకొద్దీ బరువు జరుగుతూ పోతుంది. రికార్డ్ నామవాచకమైతే బరువు ముందు, క్రియ అయితే వెనక. ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ ఆన్‌లైన్‌లో ఫ్రీగా ఉంది, మాట పక్కన స్పీకర్ బొమ్మ నొక్కితే వినిపిస్తుంది, పక్కనే గుర్తులు, ఊనిక ఉన్న సిలబుల్‌కి ముందు పైన చిన్న నిలువు గీత. రోజుకి పది మాటలు విని, గుర్తులు చూడకుండా కాగితం మీద రాసి, తర్వాత సరిచూసుకో. మనవాళ్లకి పట్టుబడని జాగాలు ఇంకొన్ని ఉన్నాయి, ఎగ్‌ని యెగ్గు అనడం, ఓన్లీని వోన్లీ అనడం, మాట చివర ఉకారం తగిలించి బస్సు, కప్పు అనడం, జూలో మొదటి శబ్దాన్ని మన జ లాగే పలకడం. ఎగ్జామ్‌లో తెలుగువాళ్లు ఇంగ్లీష్ పలికేటప్పుడు ఎదురయ్యే ఇబ్బందులు రాయమంటే ఇవే రాయాలి, నీ నోట్లోనే ఉదాహరణలున్నాయి కాబట్టి ఆ ప్రశ్న వదలొద్దు.

ఎస్జీటీగా చేస్తున్నాను, వయసు 38. దూరవిద్యలో ఎంఏ ఇంగ్లీష్ చేస్తే ప్రమోషన్‌కి పనికొస్తుందా? – ఒక ఉపాధ్యాయిని, నల్గొండ జిల్లా

ప్రమోషన్ రూల్స్ జీవోలని బట్టి మారుతుంటాయి, మీ సర్వీస్‌కి ఏది వర్తిస్తుందో ముందు డీఈఓ ఆఫీసులో కనుక్కోండి, బీఈడీలో మీ మెథడాలజీ ఏంటన్నది కూడా అడుగుతారు. చదువు సంగతికొస్తే ఇగ్నోలో ఎంఏ ఇంగ్లీష్ ఉంది, రెండేళ్ల కోర్సు, ఉద్యోగం ఇల్లు చూసుకుంటూ నాలుగేళ్ల దాకా సాగదీసుకోవచ్చు. దాని స్టడీ మెటీరియల్ చాలా బాగుంటుంది, రెగ్యులర్ ఎంఏ పిల్లలు కూడా అదే చదువుతారు. అసైన్‌మెంట్లు మాత్రం బయట అమ్మేవి కొని ఇవ్వకండి, ఆ రాతే రేపు ఎగ్జామ్‌లో మీ చేతికి కావాలి.

అసలు మీకు ప్రమోషన్ కంటే క్లాసులో ఇంగ్లీష్ బాగా చెప్పాలన్న కోరిక ఎక్కువుంటే హైదరాబాద్‌లోని ఇంగ్లీష్, విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూలో ఇంగ్లీష్ బోధన మీద పీజీ సర్టిఫికెట్ కోర్సు దూరవిద్యలో ఉంది. ఆ సంస్థ 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ అన్న పేరుతో హైదరాబాద్‌లో మొదలైందే టీచర్లకి శిక్షణ ఇవ్వడానికి. మిల్టన్ పద్యాలు చదివితే ఐదో తరగతి పిల్లలకి రీడింగ్ నేర్పడం రాదు, అందుకు వేరే చదువు ఉంది, అది ఇదే.

తెలుగు చచ్చిపోతోందని ఏడుస్తూ తెల్లవాళ్ల పద్యాలు చదవడానికి డిగ్రీ ఇవ్వడం ఏంటి మేడమ్? ఇంకా బానిసత్వమేనా? – ఒక పాఠకుడు, రాజమండ్రి

మీ కోపంలో నిజం ఉంది. ఇంగ్లీష్ సాహిత్యం మన దేశానికి పాలన కోసమే వచ్చింది. 1835లో మెకాలే ఇక్కడ ఇంగ్లీష్ చదువే పెట్టాలంటూ తన మినిట్ (ప్రభుత్వానికి ఇచ్చిన నోట్) రాశాడు, 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు యూనివర్సిటీలు వచ్చాయి. కలకత్తా హిందూ కాలేజీ కుర్రాళ్లు షేక్‌స్పియర్, మిల్టన్ల మీద పరీక్షలు రాస్తున్న కాలానికి ఆక్స్‌ఫర్డ్‌లో ఇంగ్లీష్ సాహిత్యం అసలు డిగ్రీ సబ్జెక్టే కాదు, అక్కడ 1894లో వచ్చింది, కేంబ్రిడ్జ్‌లో 1917లో. అక్కడ పెద్ద చదువంటే గ్రీకు, లాటిన్. వాళ్ల పిల్లలకంటే ముందు మనవాళ్ల మీద రుద్దారన్నమాట.

అయితే ఈ చరిత్ర నాకు ఎక్కడ తెలిసిందనుకుంటున్నారు? ఇంగ్లీష్ డిపార్ట్‌మెంట్‌లోనే. ఆ సబ్జెక్టు తన పుట్టుకని తానే నిలదీసుకోవడం నేర్పుతోంది ఇప్పుడు. ఇఫ్లూ ఇంకా సీఫెల్ అన్న పాత పేరుతో ఉన్న రోజుల్లో అక్కడ ఇంగ్లీష్ ప్రొఫెసర్‌గా పనిచేసిన సూసీ తారు, కె. లలితతో కలిసి మన దేశ స్త్రీల రచనల్ని వెతికి రెండు పెద్ద సంపుటాలుగా 1991లో, 1993లో తెచ్చారు, రాధికాసాంత్వనం రాసిన ముద్దుపళనిని ప్రపంచంలో ఎక్కడెక్కడి వాళ్లో చదవగలిగింది దానివల్ల కూడా. ఇక తెలుగు విషయం. మన ఆధునిక కవిత్వంలో కె. శివారెడ్డి, వేగుంట మోహనప్రసాద్, కథల్లో త్రిపుర, ముగ్గురూ క్లాసులో ఇంగ్లీష్ చెప్పిన లెక్చరర్లే. పొద్దున ఇంగ్లీష్ పాఠం చెప్పి సాయంత్రం తెలుగులో రాసుకున్నారు, ఒకటి చదివితే రెండోది పోతుందని నేను ఒప్పుకోను. తెలుగుకి దెబ్బ తగులుతున్నది ఒకటో తరగతి నుంచి బడిలో అమ్మభాష తీసేయడం వల్ల, ఆ పోరాటం చేద్దాం రండి, నేనూ వస్తాను.

గైడ్లు చదివి పాసైపోతున్నారు కదా అందరూ, మరి అసలు పుస్తకాలు కొనాలా? – చాలామంది

పాసవుతారు, నిజమే. నెట్ పరీక్షలో మాత్రం అక్కడే దొరికిపోతారు, ఎందుకంటే మూలంలోంచి ఒక లైన్ ఇచ్చి ఇది ఎవరు ఎవరితో అన్నారు అని అడుగుతారు, గైడ్‌లో సారాంశమే ఉంటుంది. డబ్బు సమస్య అయితే పాత రచయితలవి కొనక్కర్లేదు, షేక్‌స్పియర్ నుంచి డికెన్స్ దాకా ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితం, ఫోన్‌లో చదువుకోవచ్చు. పీజీ వాళ్లకి యూజీసీ వారి ఈ-పీజీ పాఠశాలలో పాఠాలున్నాయి, కేంద్ర ప్రభుత్వం నడిపే స్వయం వెబ్‌సైట్‌లో వీడియో కోర్సులున్నాయి. కొనాల్సింది ఒక మంచి డిక్షనరీ, కొత్త రచయితల నవలలు, అవి కూడా సీనియర్ల దగ్గర సగం ధరకి దొరుకుతాయి, సిలబస్ మారిందేమో చూసుకుని తీసుకోండి. నాటకం అయితే ముందు మూలం ఒకసారి అర్థమైనా కాకపోయినా చివరిదాకా చదివేయండి, తర్వాత నోట్స్ తెరవండి. ఈ వరస తిప్పారంటే మీ బుర్రలో గైడ్ రాసినాయన అభిప్రాయమే మిగులుతుంది.

జిల్లా గ్రంథాలయాల్లో ఇంగ్లీష్ పుస్తకాలు ఎలా ఉన్నాయో మీ ఊరి సంగతి రాసి పంపండి, వచ్చే నెల వాటి గురించి మాట్లాడుకుందాం.